చెవి తమ్మెంత మెత్తగా

పోయినసారి కథలో, ఉత్తరం టైలరక్క దుకాణం షట్టరు కింది సందులోంచి లోపలికి జారిపోయిన చోట ఆగాం. జారిపోయిన మరుక్షణమే, అది రాసిన పిల్ల, మన పిచ్చుక, రెండు వేళ్ళు దూర్చి దాన్ని వెనక్కి లాగబోయింది. వేళ్ళకి దుమ్ము తప్ప ఏమీ అందలేదు. ఆ మాట అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఉత్తరంలో ఉన్నవి మూడే వాక్యాలు. “అక్కా, రేపు పన్నెండు లోపల జాబితాలోంచి నా పేరు తీసెయ్. నావల్ల జట్టు మునిగిపోవడం నేను చూడలేను. ఎందుకని మాత్రం అడగొద్దు, ఏడుస్తాను.”

సంగతి తెలిసినవాళ్ళకి ఈ మూడూ చాలు. ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం కాస్త చెబుతాను. సైక్లోక్రాస్ అనే ఈ ఆటలో రోడ్డనేది ఉండదు. వానకి నానిన పార్కులో, చెట్ల మధ్య, గడ్డి వాలుల మీద, బురదలో సైకిల్ తొక్కాలి. దారికి అడ్డంగా మోకాలెత్తు పలకలు నిలబెడతారు. అక్కడ దిగి, సైకిల్ భుజాన వేసుకుని, దూకి, మళ్ళీ ఎక్కాలి. ఎవరైనా జీతమిచ్చి చెయ్యమంటే ఒక్కరూ చెయ్యరు కాబట్టి, అందరూ సరదాకి చేస్తారు.

మన జట్టులో నలుగురు. దుకాణాన్నీ జట్టునీ ఒకే గొంతుతో నడిపే టైలరక్క. ఎదుటివాళ్ళ నోరు తెరిపించి తన నోరు మాత్రం మూయని పళ్ళ డాక్టరు, పళ్ళ బాబాయ్. మాటకి బదులు రొట్టె ముక్క అందించే బేకరీ అన్నయ్య. నాలుగోది మన పిచ్చుక. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. పలకలు అడ్డమొచ్చిన చోట సైకిల్‌తో సహా టపీమని గెంతుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. నలుగురూ వంతులవారీగా తొక్కాలి. ఒక్కరు పూర్తి చెయ్యకపోయినా ఆ రోజు జట్టుకి సున్నా.

మొత్తం ఎనిమిది జట్లు. చివరి రెండింటికీ వచ్చే ఏడాది చోటుండదు. హాయిగా నాలుగో స్థానంలో ఉన్న మనవాళ్ళు మూడే మూడు ఆదివారాల్లో ఏడుకి దిగిపోయారు. ఆ మూడు ఆదివారాలూ పిచ్చుక మలుపు మలుపుకీ జారిపడింది. ఈ ఆదివారమే ఆఖరి పందెం.

ఇంకొక్కటి మిగిలింది, అసలుది. పిచ్చుకకి పెళ్ళై ఇంకా నెల కాలేదు.

పెళ్ళికొడుకుది వాచీల రిపేరు దుకాణం. జట్టు స్టాప్‌వాచీ ఆగిపోతే బాగుచేయించడానికి వెళ్ళింది. అది మొదటిసారికే బాగైంది. పిచ్చుక మాత్రం ఇంకో మూడుసార్లు వెళ్ళింది. రెండోసారి వెళ్ళినప్పుడు, “మీరూ సైకిల్ తొక్కుతారా?” అని అడిగింది. అతను కంటికి బిగించుకున్న భూతద్దం తియ్యకుండానే, “ఈ మధ్య తొక్కడం లేదండీ,” అన్నాడు. ఆ వినయానికే పడిపోయింది పిల్ల.

పెళ్ళవగానే అతను జట్టందరికీ అల్లుడై, సహాయకుడిగా కూడా చేరిపోయాడు. పందెం మధ్యలో బురద కొట్టుకుపోయిన సైకిల్ అందుకుని, కడిగిన సైకిల్ చేతికివ్వడం అతని పని. ఆ పని అతను చేసే తీరు చూడాలి! గొలుసులో ఒక్కో లంకెనీ పళ్ళు తోమే బ్రష్షుతో తోముతాడు. సైకిల్‌ని ఎక్కడికి తీసుకెళ్ళినా హ్యాండిల్ పట్టుకుని పక్కనే నడుస్తాడు, పసిపిల్లని బడికి తీసుకెళ్తున్నట్టు. దాని మీద ఎక్కేంత చనువు కూడా తీసుకోడు. పిచ్చుకకి అది చూసినప్పుడల్లా ముద్దొచ్చేది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి, మడతపెట్టిన జెర్సీ చంకలో పెట్టుకుని, పిచ్చుక టైలరక్క దుకాణం వెనకగదికి వెళ్ళింది. అక్క భోజనానికి వెళ్ళే వేళ. ఎవరూ లేనప్పుడు జెర్సీ కుట్టుమిషను మీద పెట్టేసి వచ్చెయ్యాలని ఆమె ఆలోచన. రాత్రంతా తిరగేసి మరగేసి చూస్తే ఆమెకి ఒకటే తోచింది. తను సుఖపడింది. పొద్దున్నే ఇద్దరూ కలిసి టీ తాగుతూ కిటికీలోంచి వాన చూడటం, సాక్సులు ఎవరివి ఎవరివో తెలియక నవ్వుకోవడం, ఇవన్నీ మరిగి కాళ్ళలో చురుకు పోయింది. రెండూ కావాలంటే ఎలా? మొగుడా, బురదా అంటే ఏం చెబుతుంది? మొగుడినే అంటుంది. అనుకోగానే బురద గుర్తొచ్చి కళ్ళు నీళ్ళతో నిండాయి.

వెనకగదిలో గుడ్డల తానుల మధ్య సైకిళ్ళు కొక్కేలకి వేలాడుతుంటాయి. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది పిచ్చుక. లోపలి నుంచి బుస్సు బుస్సుమని చప్పుడు.

“ముప్ఫై ఆరు… ముప్ఫై ఏడు…”

ఆమె సైకిల్‌ని కిందకి దింపి, చొక్కా చేతులు మడుచుకుని, పంపుతో గాలి కొడుతున్నాడు ఆమె మొగుడు. నుదుటి మీద జుట్టు అతుక్కుపోయింది. ఒక్కో దెబ్బకీ భుజాలతో పాటు కనుబొమలు కూడా లేస్తున్నాయి. పిచ్చుక గుమ్మానికి ఆనుకుని, జెర్సీ సంగతి మరిచిపోయి, ఆ కనుబొమలు చూస్తూ ఉండిపోయింది. ఎంత శ్రద్ధ! ఎంత మంచివాడు! యాభై దాకా ఆనందంగా ఆమె కూడా మనసులో లెక్కపెట్టింది.

యాభై ఒకటి దగ్గర, ఎవరో చల్లటి నీళ్ళు వీపున పోసినట్టు ఉలిక్కిపడింది.

గాలా? శనివారం గాలేమిటి?

ఈ జట్టులో ఒక పద్ధతి ఉంది. శుక్రవారం సాయంత్రం టైలరక్క కుడిచేతి వేలికున్న కుట్టు తొడుగు తీసి పక్కన పెట్టి, ఎనిమిది సైకిళ్ళ పదహారు టైర్లనీ బొటనవేలితో నొక్కి చూస్తుంది. ఎల్లుండి వానకి ఇంత, నేలకి ఇంత, మనిషి బరువుకి ఇంత అని లెక్క. కొంచెం కొంచెం గాలి వదులుతూ, తన చెవి తమ్మె ఒకసారి, టైరు ఒకసారి నొక్కుతుంది. తడిసిన నేలకి టైరు చెవి తమ్మెంత మెత్తగా ఉండాలి. అప్పుడే అది మట్టిని కరుచుకుంటుంది. అక్క చూశాక మరెవరూ టైరు ముట్టుకోరు. మళ్ళీ నొక్కి చూడటం కూడా తప్పే, పెద్దవాళ్ళ మాట మీద అనుమానపడ్డట్టు.

“ఏం చేస్తున్నావు?” అంది పిచ్చుక. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

తిరిగి చూసిన అతని ముఖం విప్పారింది. “వచ్చావా! ఇంకో తొమ్మిది. అరవైకి ఆపేస్తా.”

“అరవయ్యా?”

“పోయిన వారం యాభై కొట్టాను. అయినా పడ్డావుగా. అందుకని పది పెంచాను.”

పిచ్చుక వచ్చి టైరు నొక్కింది. బొటనవేలు నొప్పెట్టింది. రాయి.

“అంతకుముందు వారం?”

“నలభై. మొదటి వారం ముప్ఫై. నువ్వు పడ్డప్పుడల్లా పది పెంచుతూ వచ్చాను.” పంపు పిడి చేత్తో పట్టుకుని, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. “నీకో సంగతి చెప్పాలి. అక్కతో అనకు. పాపం, పెద్దావిడ. వారమంతా నేను నిండుగా గాలి పెట్టి ఉంచుతానా? శుక్రవారం ఆవిడొచ్చి నొక్కి నొక్కి తీసేస్తోంది! చూపు తగ్గిందో, మతిమరుపో. ఎదురుగా చెబితే చిన్నబుచ్చుకుంటుందని, నేనే శనివారం వచ్చి సర్దేస్తున్నా.”

“నాకు మతిమరుపా నాయనా?”

వెనక గుమ్మంలో టైలరక్క. ఆమె భుజం మీంచి పళ్ళ బాబాయ్. ఇద్దరి వెనకా రొట్టెల సంచీతో బేకరీ అన్నయ్య. సైకిళ్ళు బండికెక్కించడానికి వచ్చారు.

టైలరక్క నెమ్మదిగా నడిచి వచ్చి, తొడుగు తీసి జేబులో వేసుకుని, వంగి, టైరు నొక్కింది. చెవి తమ్మె నొక్కింది. మళ్ళీ టైరు నొక్కింది. అక్క ముఖం చూస్తే డాక్టరు నాడి పట్టుకుని మాటాడనప్పుడు ఉన్నట్టుంది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“పెళ్ళైన దగ్గర్నుంచి అక్కా,” అన్నాడతను.

పళ్ళ బాబాయ్‌కి ముందు అర్థమైంది. గుడ్డల తాను మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. “ఓరి దేవుడా! పెళ్ళైన దగ్గర్నుంచి పిల్ల జారుతోందంటే, మేమేమో నిద్ర చాలట్లేదేమోలే అనుకుని, పెద్దమనుషులం కదా, నోరు మూసుకున్నాం!”

బేకరీ అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. సంచీలోంచి ఒక రొట్టె తీసి బాబాయ్ నోట్లో కుక్కాడు.

అతను మాత్రం ఒకరి ముఖంలోంచి ఒకరి ముఖంలోకి చూస్తున్నాడు. “ఏం చేశాను నేను?”

“బురదలో రాయి దొర్లించావు,” అంది టైలరక్క. కోపంగా కాదు, దుస్తుల కొలత చెప్పినట్టు. “గట్టి టైరు మట్టిని పట్టుకోదు నాయనా. పైపైనే తేలి పక్కకి పోతుంది. పిల్ల పడకుండా ఉండటానికి నేను తీసిన గాలంతా, పిల్ల పడకుండా ఉండటానికి నువ్వు తిరిగి కొట్టావు.”

అతని చేతిలోంచి పంపు కింద పడింది.

పిచ్చుకకి అప్పుడొచ్చింది కోపం. వీళ్ళ సంసారంలో ఒక గుర్తుంది. మామూలుగా “నువ్వు” అనే పిల్ల, కోపమొస్తే మర్యాదలోకి దిగిపోతుంది.

“మీరు,” అంది. పళ్ళ బాబాయ్ కూడా నవ్వు ఆపేశాడు. “మీరు ఒక్క మాట నాతో అనలేకపోయారా? మూడు వారాలు! నా కాళ్ళు పోయాయనుకున్నాను. పెళ్ళి చేసుకుని చెడిపోయాననుకున్నాను. పొద్దున మీతో కూర్చుని టీ తాగుతుంటే కూడా, ఇదిగో ఈ టీ వల్లే పడుతున్నానేమో అని తాగాను. తెలుసా మీకు? జట్టులోంచి తప్పుకుంటానని ఉత్తరం కూడా రాసేశాను!”

“ఉత్తరమా? ఎప్పుడు?”

“నిన్న.”

“నాకు చెప్పకుండా?”

“మీరు నాకు చెప్పి కొట్టారా గాలి?”

ఇద్దరూ ఊపిరి తీసుకోవడానికి ఆగారు. గోడ గడియారం టిక్కుటిక్కుమంది. దాన్ని బాగుచేసిందీ అతనే.

“నువ్వు పడ్డప్పుడల్లా,” అన్నాడతను, చేతుల వైపు చూసుకుంటూ, “నేను పందెం దారి పక్కన కట్టిన తాడు అవతల నిలబడి ఉంటాను. లోపలికి రాకూడదు. లేపకూడదు. సైకిల్ పట్టుకుని నిలబడాలంతే. నా చేతిలో ఉన్న పని ఇదొక్కటే. అందుకే ఇంకో పది, ఇంకో పది…”

ఇంకేం మిగిలింది కోపంలో? పిచ్చుక ముక్కు ఎగబీల్చి, జెర్సీ కొసతో కళ్ళు తుడుచుకుని, అదే కొసతో అతని నుదుటి చెమట కూడా తుడిచింది.

“చెవి ఇలా తే,” అంది. అతని చెవి తమ్మె రెండు వేళ్ళతో నొక్కి, అతని బొటనవేలు పట్టుకుని టైరు మీద పెట్టింది. “ఇదీ, అదీ ఒకలా ఉండాలి. గుర్తుంటుందా?”

“ఇప్పుడిక చచ్చినా మరిచిపోను,” అన్నాడతను. ఆ చెవి సాయంత్రం దాకా ఎర్రగానే ఉంది.

స్స్స్ మని అక్క గాలి వదిలింది. కొట్టిన యాభై ఒకటీ గదిలోకి వచ్చేశాయి. అందరూ ఆ చప్పుడుకి తామే ఊపిరి వదులుతున్నట్టు నిలబడ్డారు.

దుకాణం వెనక, గడ్డి వాలు ఒకటుంది. పైన ప్రహరీ గోడ, కింద ఈ వెనక తలుపు. పొద్దున్న కురిసిన వానకి అది నానిన బిస్కెట్‌లా ఉంది. పిచ్చుక సైకిల్ భుజాన వేసుకుని నాలుగు అంగల్లో పైకెక్కి, దానిమీద వాలి, వాలు మధ్యలో మలుపు తిరిగింది.

చక్రం మట్టిని కరిచింది. చప్పుడు కూడా వేరు. కరకర కాదు, చప్‌చప్‌మని, పసివాడు పాలు తాగినట్టు. ఇంకోసారి తిరిగింది. ఇంకా కురచగా, ఇంకా వేగంగా. వీపు నిండా, పళ్ళ నిండా బురద. నవ్వు ఆపుకుందామంటే నోట్లోకి మట్టి పోతోంది, నోరు మూద్దామంటే నవ్వు ఆగట్లేదు. కాళ్ళు పోలేదు! టీ తాగొచ్చు! వాన చూడొచ్చు! సాక్సులు కలిసిపోవచ్చు! మొగుడూ బురదా రెండూ తనవే!

కిందికి వచ్చి అక్క ముందు బ్రేకు వేసి, అరచెయ్యి చాపింది. “అక్కా, నా ఉత్తరం నాకిచ్చెయ్. చింపేస్తా.”

టైలరక్క కదల్లేదు. తొడుగు మళ్ళీ వేలికి పెట్టుకుని, దాన్నే తిప్పుతూ ఉండిపోయింది.

“అక్కా?”

“నువ్వు పన్నెండు లోపల అన్నావు,” అంది. “ఎందుకని అడగొద్దన్నావు. పొద్దున షట్టరెత్తగానే చదివాను. నాకూ కోపమొచ్చింది. ముఖం మీద చెప్పలేని పిల్లకి నేనెందుకు బతిమాలాలి అనుకున్నాను. పదకొండున్నరకి పందెం నిర్వాహకుల దగ్గరికి వెళ్ళి జాబితా మార్పించి వచ్చాను.”

“మళ్ళీ మార్చమను!”

“పన్నెండు దాటాక వాళ్ళ నాన్న వచ్చి అడిగినా మార్చరు. నీకు తెలీదూ?”

పిచ్చుక చాపిన అరచెయ్యి వెనక్కి తీసుకుంది.

“మరి నాలుగో మనిషి?” అన్నాడు పళ్ళ బాబాయ్. “ముగ్గురం తొక్కితే సున్నాయే కదా.”

“నియమం ఉందిగా. రైడరు తప్పుకుంటే, ఆ జట్టు సహాయకుడిగా పేరున్న మనిషే ఆ చోటులోకి రావాలి. సహాయకుడి చోటులో ఎవరినైనా రాసుకోవచ్చు. అల్లుడిని పైకి రాశాను, దీన్ని కిందికి రాశాను.”

అందరూ అతని వైపు తిరిగారు. పిచ్చుక ముఖం ఒక్క క్షణం వాడి, మరుక్షణం బల్బు వేసినట్టు వెలిగింది. తను జట్టులోనే ఉంది! తాడు అవతల నిలబడి, కడిగిన సైకిల్ పట్టుకుని, ఆయన బురదలోంచి వస్తుంటే చూడటం! ఇన్నాళ్ళూ అతను చూసినట్టు!

“గట్టోడే, చూడు ఆ భుజాలు,” అన్నాడు పళ్ళ బాబాయ్. “యాభై దెబ్బలు కొట్టినవాడు రెండు చుట్లు తొక్కలేడా! ఎంత నెమ్మదిగా తొక్కినా పరవాలేదు అల్లుడూ, పూర్తి చేస్తే చాలు. ఆరో స్థానం మనదే.”

బేకరీ అన్నయ్య అతనికి పెద్ద రొట్టె ఇచ్చాడు. ఆ చేతిలోంచి అంతకన్నా పెద్ద గౌరవం ఎవరికీ దక్కలేదు. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని, కొరకలేదు.

ముగ్గురూ మిగతా సైకిళ్ళు మోసుకుంటూ ముందు వైపుకి వెళ్ళారు. “ఉండండి, పాత జెర్సీ నంబరు విప్పి నీ కొలతకి కుట్టి తెస్తాను,” అంటూ వెళ్ళింది టైలరక్క.

అతను కొంగు లాగినట్టు పిచ్చుక చొక్కా చెయ్యి పట్టుకుని గోడవారకి లాగాడు.

“నీకు గుర్తుందా, రెండోసారి వాచీ తెచ్చినప్పుడు, మీరూ తొక్కుతారా అని అడిగావు.”

“ఈ మధ్య తొక్కడం లేదన్నావు. ఎందుకు గుర్తుండదు?”

“అవును. ఆ ఈ మధ్య అనేది…” రొట్టెని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “అది ఎప్పట్నుంచి అంటే…”

“ఎప్పట్నుంచి?”

“పుట్టిన దగ్గర్నుంచి.”

పిచ్చుకకి ముందు నవ్వొచ్చింది. అది పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. హ్యాండిల్ పట్టుకుని పక్కన నడవడం. ఎప్పుడూ ఎక్కకపోవడం. బుజ్జగించినట్టు తోసుకెళ్ళడం. అవన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆమె ముందు వరసగా నిలబడ్డాయి.

“ఒక్కసారి కూడానా?”

“ఏడేళ్ళప్పుడు ఒకసారి సీటు మీద కూర్చున్నాను. స్టాండు వేసి ఉంది.”

గోడ గడియారం లోపల మూడు కొట్టింది. పందెం రేపు పొద్దున ఎనిమిదికి. పిచ్చుక వేళ్ళ మీద లెక్క వేసి, వెయ్యడం మానేసి, పానా తీసి సీటు దింపడం మొదలుపెట్టింది. సైకిల్‌ని వాలు పైకి, గోడ దాకా తోసుకెళ్ళి తిప్పి నిలబెట్టింది.

“ఎక్కండి,” అంది.

ఆ మర్యాద విని అతను మారు మాటాడకుండా ఎక్కాడు. రెండు కాళ్ళూ నేల మీదే. మోచేతులు కర్రల్లా బిగిశాయి.

“వదలవు కదా?”

“వదలను. ముందుకి చూడు. నా వైపు కాదు, ముందుకి! ఒక కాలు పెడలు మీద పెట్టు.”

“బ్రేకు ఏది?”

“వారం వారం నువ్వే కదా తుడుస్తావు!”

“తుడవడం వేరు!”

ఆమె సీటు వెనక గట్టిగా పట్టుకుని పరుగు అందుకుంది. ఒక అంగ. రెండు. మూడు. చక్రం చప్‌చప్‌మంటూ కదిలింది. టైరు సరిగ్గా చెవి తమ్మెంత మెత్తగా, నేలని కరుచుకుని, వెంట్రుకవాసి కూడా పక్కకి పోకుండా.

జారింది పిచ్చుక కాలు.

మోకాళ్ళ మీద పడి తలెత్తేసరికి చేతిలో సీటు లేదు. వాలు కింద వెనక తలుపు తెరుచుకుంది. నోట్లో సూది, చేతిలో నంబరు గుడ్డతో టైలరక్క బయటికి వచ్చి, తలెత్తి చూసి, అలాగే నిలబడిపోయింది. రెండు కాళ్ళూ పెడళ్ళ మీంచి పైకెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, తిన్నగా ఆమె వైపే దూసుకెళ్తున్నాడు అల్లుడు.

“అక్కా, తప్పుకో!” అని అరిచింది పిచ్చుక.

చిత్రమేమిటంటే, అతను పడటం లేదు.